చెప్తె పారని మందు

"పెద్దమ్మా, పెద్దనాయనకు ముక్కుల నుంచి రక్తమెట్ల వచ్చింది? అక్క ఫోన్ల సగమే చెప్పింది."

అక్కకు తెల్సింది గూడ సగమే బిడ్డా. కూసో, పాడర్‌బోర్న్ నుంచి రైలుల నిలవడి వచ్చినవ్, ముందుగాల చాయ తాగు.

మీ పెద్దనాయన సంగతి ఎరుకనే గద. ముప్పై ఏండ్లు లెక్కల సారు. ఇప్పుడు కన్నబిడ్డ, మీ అక్క పేరడిగితె నా దిక్కు జూస్తడు. డాక్టరేమో ఇది తగ్గేది కాదన్నడు. కాదంటె ఊకుంటమా? ఈ డ్యూసెల్‌డార్ఫ్‌లనే చైనా మూలికలిచ్చే ఆమె ఉందని పార్కుల ఎవరో అంటె, ఆయన్ని తీస్కొని పోయిన. నేను ఫోన్ల తెలుగు మాట్లాడితె ఫోను అదే జర్మన్ల చెప్పుడు. ఆమె మంచిదే పాపం, నాడి వట్టింది, నాలుక జూసింది, ఏమేం గోలీలు వాడుతడని అడిగింది. బీపీ గోలి అన్న. రక్తం పల్చగయ్యే గోలి సంగతి నోటికే రాలే.

పొద్దుగాల ఒక్క పొట్లం మరగవెట్టి తాపమన్నది. ఇల్లంత వాసన! అక్క ఆఫీసుకు పోయినంక, గా చలిల కిటికీలన్ని తెరిచి కాగవెట్టేదాన్ని. ఎందుకు దాస్తివంటవా? మా నాయిన కామెర్లకు పసరు మందు ఇచ్చేటోడు. పైసలు ముట్టేటోడు కాదు, కొబ్బరికాయ ఒక్కటే. అప్పుడు కాయ రూపాయో... కాదు కాదు, ఇంక తక్కువనే. ఏదో తియ్. మందు సంగతి బయటవెడితె మందు పారదు, పనిచెయ్యదనేటోడు. గదే నా నెత్తిల కూసున్నది.

మొన్న ఆయన ముక్కుల రక్తం ఆగకపోతె దవాఖానకు ఉరికినం. ఇంకేమన్న మందు ఇస్తున్నరా అని డాక్టరమ్మ అడిగింది, అక్క నాకు తెలుగుల చెప్పింది. లేదన్న. ఆయన అంగీ అంత ఎర్రగైంది, నా చెయ్యి ఇడుస్తలేడు, నేను లేదన్న! జరసేపటికి నాకే భయమై ఏడ్చుకుంట చెప్పిన. ఆమె తిట్టలే. ఆ గోలికి ఈ మూలికలు పడకపోవచ్చు, చెప్పుడు మంచిదైందన్నది. ఇప్పుడు నయమే, అగో, పండుకున్నడు.

అక్కకు తెల్వని సగం ఇనూ. రోజుకెన్నిసార్లు తాపినవని డాక్టరమ్మ అడిగితె ఒక్కసారే అన్న. ఒట్టు, ఒక్కసారే అనుకున్న. ఇంటికొచ్చి జూస్తె నెలకిచ్చిన పొట్లాలు పదిహేను రోజులకే ఒడిసినయ్. "ఇప్పుడే తాగిన గద" అని ఆయన మొకం తిప్పుకునేటోడు బిడ్డా. "నీకేం యాదుంటది, తాగు" అని గదిమి తాపిన.

అక్కకు నేనే చెప్త, గని ముందుగాల డాక్టరు దగ్గర నా పేరు మీద ఒక టెర్మిన్ తియ్యి, నువ్వు నా ఎంబడి రా. సల్లగ బతుకు బిడ్డా, నీకు పుణ్యముంటది. ఇంట్ల ఒక్కరికన్న యాదుండాలె గద... ఇద్దరం ఇట్లయితె, ఆయన్ని ఎవరు...