రెక్కకి చిల్లు, చిల్లుకి మూత

వేదిక మీదున్న మన ప్రిన్సిపాల్ పల్లంరాజు గారికి, పొద్దుటినుంచి కుర్చీలు సర్దుతూ తిరుగుతున్న గణేష్‌బాబు గారికి, ముందు వరసలోని పెద్దలకి, భోజనాల వాసన వస్తున్నా లేవకుండా కూర్చున్న మిత్రులందరికీ నమస్కారం. (నవ్వులు)

ఈ నిడదవోలు పాలిటెక్నిక్‌లో ముప్పై ఒక్క ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. ఇందాక మాట్లాడినవాళ్లంతా సూర్యకళ మేడమ్‌కి కోపమే రాదన్నారు. మర్యాదకి అన్నారు లెండి. ఒకసారి వచ్చింది, ఆ సంగతి చెప్పకుండా ఈ రిటైర్మెంటు శాలువా కప్పుకుని వెళ్లలేను.

మన వర్క్‌షాపు షెడ్డులో నాలుగేళ్లుగా మనం కట్టుకుంటున్న రెండు సీట్ల విమానం మీకు తెలుసు. దాని చెక్క రెక్కలు మన కార్పెంటరీ ఇన్‌స్ట్రక్టర్ వీరబ్రహ్మం గారి చేతిపని. పాలకొల్లు కాలవ గట్టున తాతలనాటినుంచీ పడవలు కట్టిన ఇల్లు వారిది. ఎడమ రెక్క కింద గాలివేగం కొలిచే గొట్టం బిగించాలి, ఒక చిల్లు పెట్టండి అని నేనంటే, ఆయన డ్రిల్లు కింద పెట్టేసి, "నీళ్లలో పోయేదైనా గాల్లో పోయేదైనా, కట్టినదానికి చిల్లు పెట్టమన్నవాళ్లని మిమ్మల్నే చూశానండి" అన్నారు. వారం రోజులు బతిమాలితే, రెక్కకి దణ్ణం పెట్టుకుని మరీ పెట్టారు. (నవ్వులు)

గొట్టం బిగించాం. మర్నాడు, పైలట్ లైసెన్సున్న మన ఉదయభాస్కర్ గారు గ్రౌండులో విమానాన్ని పరుగు తీయించారు, మేమంతా వెనకాల పరిగెత్తాం. విమానం గోల్‌పోస్టు దాటింది గానీ స్పీడు ముల్లు మాత్రం సున్నా దగ్గరే కూర్చుంది. వెళ్లి చూస్తే గొట్టం మూతికి లప్పం. ఎవరు పెట్టారంటే వీరబ్రహ్మం గారు నిదానంగా, "చివర చిన్న చిల్లు కనబడిందండి. మీరు మర్చిపోయారనుకుని మూసేశానండి" అన్నారు. (చాలాసేపు నవ్వులు)

మీరిప్పుడు నవ్వారు. ఆ రోజు నేను నవ్వలేదు. ఆ చిల్లులోకి గాలి వెళితేనే ముల్లు కదిలేది, పైన ఉండగా ఇలా జరిగితే మనిషి దక్కడు అన్న భయంలో, స్టూడెంట్ల ముందే, "తెలియని పనిలో చెయ్యెందుకు పెడతారు" అనేశాను. రెక్క కట్టిన మనిషిని. ఆ చిల్లు ఎందుకో ముందే చెప్పాల్సిన టీచర్ని నేను, ఒక్క మాట చెప్పలేదు. మర్నాటినుంచి ఆయన షెడ్డుకి రాలేదు. లప్పం ఆ రోజే గీకేశాం గానీ, ఆయన లేకుండా విమానం బయటికి తీయడానికి మాకూ చేతులు రాలేదు. అయిదు నెలలు. బ్రహ్మంగారూ, తప్పు నాదండి.

ఇందాక గేటు దగ్గర ఆయన ఇది నా చేతిలో పెట్టారు. చూడండి, టేకుతో చెక్కిన మూత, దానికో ఎర్రగుడ్డ తోక. విమానం ఆగి ఉన్నప్పుడు గొట్టంలో పురుగులు మట్టిగూడు పెట్టకుండా తొడగాలట. "మూయడం నా అలవాటు మేడమ్ గారండి. తీయడం మీరు గుర్తు పెట్టుకోండి" అన్నారు.

ఎగరడానికి అనుమతి ఇంకా రావాలి, నేలమీద పరుగుకి అడ్డేం లేదు. ఇన్నేళ్లు నన్ను భరించినందుకు అందరికీ నా కృతజ్ఞతలు. పల్లంరాజు గారూ, భోజనాలు పది నిమిషాలు ఆగాలండి. ఉదయభాస్కర్ గారు అప్పుడే గ్రౌండుకి వెళ్లిపోయారు. రెండో సీట్లో కూర్చుని ముల్లు చూసేది వీరబ్రహ్మం గారు. మూత నా చేతిలో ఉంది కాబట్టి గొట్టం తెరిచే ఉంది. నేను వెనకాల పరిగెడతాను. సెలవు.