లెక్కల వారంలో నిండిన విమానం

ఆ రోజు ఇంట్లో నలుగురం ఉన్నాం: విమానాశ్రయం దగ్గర టాక్సీ నడిపే నాన్న, అక్కడే టీ కొట్టు పెట్టుకున్న అత్త, అమ్మ, పేపరు పట్టుకుని గది గుమ్మంలో నేను.

“...విమానం రాదంటే రాదు, అంతే. ఒకటో తారీఖు నుంచి బంద్. కౌంటరు అద్దానికి కాగితం అంటించేశారు.”

“నిన్న కూడా మామూలుగానే దిగిందిగా అన్నయ్యా!”

“ఖాళీ సీట్లకి ప్రభుత్వం డబ్బులు కట్టేది కాబట్టి దిగింది. ఈసారి బడ్జెట్లో మన ఊరికి సున్నా చుట్టారు. వాళ్ళు కట్టకపోతే మేం నడపం అంటోంది కంపెనీ.”

“ఖాళీ ఎక్కడుంది? ప్రభుత్వంవాళ్ళు ఎంతమంది ఎక్కుతున్నారో లెక్క పెట్టడానికి వచ్చిన వారమంతా ఒక్క సీటు మిగిలిందా? మనమే కదా చందాలేసుకుని నింపాం! నేను మూడుసార్లు ఎక్కాను. మూడుసార్లూ అక్కడ దిగి, కుర్చీలో కూర్చుని, అదే విమానంలో తిరిగొచ్చాను. ఆ నగరం ఎలా ఉంటుందో ఇప్పటికీ తెలీదు నాకు.”

“నీకేం, కిటికీ పక్కన కూర్చున్నావు. నా పక్కన సామాన్లు మోసే తాత, గాల్లో ఉన్నంతసేపూ భయంతో నా మోచెయ్యి వదల్లేదు.”

“ఏమండీ, నవ్వులాటగా ఉందా మీకు? ఒకటో తారీఖు నుంచి ఏం చేస్తారో అది చెప్పండి.”

“ఏం చేస్తాను... కారేసుకుని నగరానికి పోతాను. ఏ షెడ్డులోనో పడుకుంటాను.”

“ఎన్నాళ్ళు?”

“ఏమో.”

“ఏమో అంటే?”

“ఏమో అంటే ఏమోనే! నన్నడుగుతావేం, పోయి ఆ మంత్రిని అడుగు!”

“నాన్నా...”

“ఆగమ్మా. చెల్లాయ్, అర్జీ పెడదాం. టాక్సీలవాళ్ళం, కొట్లవాళ్ళం, అందరం సంతకాలు పెడదాం. దీని దస్తూరీ బాగుంటుంది, ఇదే రాస్తుంది.”

“ఏమే మాటల మూటా, పెన్ను తే. ‘అయ్యా, మా విమానం నిండుగా పోతోంది’ అని మొదలుపెట్టు.”

“అత్తా, అది... అది రాయకూడదేమో.”

“ఎందుకు రాయకూడదు?”

“పేపర్లో ఉంది.”

“ఏముంది? ఆ గొణుగుడేంటి, గట్టిగా చదువు.”

“‘ప్రయాణికులు నింపిన పత్రాలు పరిశీలించగా, ఈ మార్గానికి ప్రభుత్వ సాయం ఇక అవసరం లేదని తేలింది. టికెట్ ధర రెట్టింపైనా ప్రయాణిస్తామని దాదాపు అందరూ తెలిపారు.’”

“రెట్టింపా! ఏ మహానుభావుడు తెలిపాడు?”

“మనమే అత్తా. ఎక్కేముందు ఫారాలు ఇచ్చారు కదా.”

“నేను చదవనే లేదే! సంతకం పెట్టానంతే.”

“నింపింది నేను. నీ కొట్లో బల్ల మీద కూర్చుని, మనవాళ్ళందరివీ.”

“నింపి, ఆ గడిలో ‘అవును’ అని పెట్టావా? బుద్ధుందా నీకు?”

“నాన్నని అడిగాను. ‘విసిగించకు, అన్నిటికీ అవును పెట్టు, విమానం మీద ఒక్క చెడ్డమాట ఉండకూడదు’ అన్నారు.”

“అన్నయ్యా! నువ్వే చెప్పావా?”

“ఏమండీ, నిజమేనా?”

“...అయిందేదో అయింది. ఇప్పుడు రాద్దాం. ఆ ఫారాలు తప్పు, ఎక్కింది మేమే, మాకంత తాహతు లేదు, సాయం ఆపకండి అని.”

“రాస్తే? మిమ్మల్నందరినీ తీసేస్తే ఆ వారం నిజంగా ఎక్కిందెవరు అంటారు. ఏం చెప్తారు?”

“ఉంటారు, ఓ పాతికమంది. ఎవరికి గుర్తుంది!”

“నాకు గుర్తుంది నాన్నా.”

“నిన్నెవరడిగారు? లోపలికి పో.”

“అది కాదు నాన్నా, అర్జీలో...”

“పొమ్మన్నానా! చెయ్యి తియ్యి, తలుపు వేస్తున్నా.”

“నలుగురు నాన్నా, వారం మొత్తానికి. అందులో ఇద్దరు లెక్క పెట్టడానికి వచ్చినవాళ్ళే.”