కేరేజీ వంతు

ఆదివారం ఆరాధన అయిపోయింది. అరకు దగ్గరి కొండవాలు ఊళ్లో, సంఘం సెక్రటరీ ఫిలిప్పు మేస్టారు తన భార్య అక్క సోములమ్మ వాకిట్లో నిలబడి ఉన్నాడు. వేరే రోజయితే సోములమ్మ పీట వేసేది, కాఫీ ఇచ్చేది. ఈ రోజు రెండూ లేవు.

"అది కాదు వదినా, నేనడిగినదానికి జవాబు చెప్పు. ఈ పూట కేరేజీ మీ వంతా, కాదా?"

"మా వంతే."

"మరి పాస్టరుగారికి అన్నం ఎందుకెళ్లలేదు?"

"పంపనేదు గనక ఎల్లనేదు."

"నిన్న వరహాలు ఇంటినుంచీ వెళ్లలేదు. మొన్న స్వర్ణా వాళ్లూ పంపలేదు. ఆడవాళ్లందరూ కూడబలుక్కుని ఇదేం పని? దైవజనుణ్ణి పస్తు పెడతారా?"

"ఒండుకోమను. సేతులున్నాయి కదా. ఆ సేతులకి పని నేకే కదా ఇంతదూరం వచ్చింది."

"మెల్లగా. మెల్లగా మాట్లాడు."

"మెల్లగా మాట్లాడే రోజులు అయిపోయాయి మరిదీ. నువ్వు కూకోడానికొచ్చేవా, కేకలెయ్యడానికొచ్చేవా?"

"కూర్చోమని నువ్వన్లేదు కదా."

"అనను."

"సరే, అనకు. మా అమ్మాయి జాయ్స్ ఏది? సెలవులైపోయి కాలేజీ తెరిచేశారు. గుళ్లో పాటలకి కూడా రావడం లేదు. ఇంకా మీ కాఫీ పళ్లు కోయడం అవ్వలేదా?"

"పెరట్లో ఆరబెడతంది. దాని ఊసు తరవాత. వచ్చిన పని సెప్పు."

"సాయంత్రం పార్వతీపురం నుంచి పెద్దలు జీపులో వస్తున్నారు. వాళ్లొచ్చేసరికి ఈ గొడవ సర్దుబాటు కావాలి. ఎడ్విన్ పాస్టరుగారి మీద మీరు వేసిన నింద—"

"నింద కాదు. జరిగింది."

"జరిగిందని నువ్వంటున్నావు. చూశావా?"

"ఆ గుంట సెప్పింది. ఏడుస్తా సెప్పింది. పొద్దుగూకీ యేళ తలుపు గెడెట్టీసి, ప్రార్దన సేత్తానని తలమీద సెయ్యేసేడంట. ఆ సెయ్యి అక్కడితో ఆగనేదంట. తోసీసి, కిటికీలోంచి దూకి పారొచ్చింది. ఇంకేటి కావాల నీకు?"

"పేరు కావాలి. ఎవరా అమ్మాయి? పేరు లేని ఫిర్యాదు మీద కమిటీ ఏం విచారిస్తుంది?"

"కమిటీకి పెద్ద ఎవుడు?"

"నీకు తెలీదా ఏంటి?"

"తెలుసు. నీ నోట్తో సెప్పు."

"పాస్టరుగారే. రూలది. సంఘం కమిటీకి ఎప్పుడూ పాస్టరే అధ్యక్షుడు."

"అంటే ఆ గుంట ఆయన ఎదరకే పోయి, అయ్యా నువ్వు నన్నిలగ సేసేవు, నువ్వే తీర్పు సెప్పు అనాలా? బాగుంది. సాలా బాగుంది."

"ఎగతాళి చెయ్యకు. సంఘానికొక పద్ధతుంది."

"ఆ పద్దతిలో ఒక్క ఆడమనిషికి కుర్సీ ఉందేటి? ఒండడానికి మేము, గుడి తుడవడానికి మేము, సాపల మీద కూకుని పాటలు పాడ్డానికి మేము. అడగడానికి మాత్రం మేము కాదు!"

"ఆయన వచ్చాకే కదా గుడికి శ్లాబు పడింది? మైకు వచ్చింది? అవన్నీ మర్చిపోయారా?"

"ఏటి, శ్లాబేయించినోడికి గుంటల్ని ఒప్పసెప్పాలా?"

"అబ్బ! నేనామాట అన్నానా?"

"అన్నావు. ఇప్పుడే అన్నావు. కిందినుంచి వచ్చినోడు, కొండ మీద గుంటలు నోరెత్తరనుకున్నాడు. నువ్వు కొండ మీద పుట్టినోడివి, నువ్వూ అలగే అనుకున్నావు."

"వదినా, పేరు చెప్పు. నాకొక్కడికే చెప్పు. ఎవరికీ చెప్పను, ఒట్టు."

"సెప్పను. ఆ గుంటకి మాటిచ్చేను."

"పేరు లేకపోతే నేనేమీ చెయ్యలేను. పెద్దలు కూడా ఫోన్లో అదే అన్నారు. గొడవెందుకు, సాయంత్రం మాతో జీపులో తీసుకెళ్లిపోయి చింతపల్లి పక్క సంఘానికి వేసేస్తాం అన్నారు. నీకూ అదే కదా కావాలి? ఊరు విడిచి పోతాడు."

"సింతపల్లి పక్క ఆడపిల్లల్నేరేటి?"

"అదీ... అక్కడివాళ్లు చూసుకుంటారు."

"ఏటి సూసుకుంటారు? వాళ్లకి మీరు సెప్తేనా? అక్కడా మనలాంటోళ్లే దండేత్తారు, కేరేజీలు మోత్తారు. బస్తా మోసినట్టు ఒక కొండ మీంచి ఇంకో కొండకి మోసుకుపోడమేనా మీ పెద్దల పని?"

"ఆయన పశ్చాత్తాపపడితే దేవుడు క్షమిస్తాడు. తీర్పు తీర్చడానికి మనమెవరం?"

"దేవుడి సంగతి దేవుడు సూసుకుంటాడు. నాను నీ సంగతి అడుగుతన్నాను. ఆయన మన ఊరికి ఎందుకొచ్చేడు?"

"ట్రాన్స్‌ఫర్. అందరికీ అవుతుంది."

"పెళ్లాం పిల్లల్ని పార్వతీపురంలో ఒగ్గీసి, జోరు వానల్లో, డొంకరాయి నుంచి ఒక్క సూటుకేసుతో వచ్చి దిగేడు. అలగ అవుద్దా అందరికీ? మొన్న సంతలో ఆ పక్క మనిషి కనపడింది, సిన్నమ్మని. అడిగేను. అక్కడా ఇదే కత."

"సంతలో మాటలు నమ్మితే ఇంక—"

"నీకు తెలుసా, తెలీదా?"

"ఏది?"

"ఏది, అంటాడు! డొంకరాయి కాడ జరిగింది. ఆయన్ని మనకి అంటగట్టినప్పుడు నీకు తెలుసా, తెలీదా?"

"ఏదో చిన్న గొడవ అన్నారు. వివరాలు చెప్పలేదు."

"అడిగేవా?"

"పెద్దలు చెప్పాక మళ్లీ అడుగుతామా వదినా? ప్రార్థనలో పెట్టుకోండి అన్నారు. పెట్టుకున్నాను."

"ప్రార్దనలో ఎట్టుకున్నావు, మాకు మాత్రం సెప్పనేదు! తెలిసుండీ డప్పులు కొట్టించి తీసుకొచ్చేవు. మా ఆడోళ్ల సేత ఆయన కాళ్లు కడిగించేవు. ఛీ! ఆ నీళ్లు నా సేతులకింకా అంటుకునే ఉన్నట్టుంది."

"నన్నెందుకు తిడతావు? నేనేం చేశాను? సంఘం చీలిపోకూడదని, పరువు పోకూడదని నానా చావూ చస్తున్నాను. ఊళ్లో మిగతావాళ్లు నవ్వరా?"

"నవ్వనీ. నవ్వితే పోయేదేటి నేదు. ఆ గుంట ఇప్పటికీ గెడ సప్పుడికి ఉలిక్కిపడతంది. అది నువ్వు సూసేవా?"

"నువ్వెన్నైనా చెప్పు. అన్నం పెట్టే చెయ్యి ఆపడం పాపం. మా ఇంటి వంతు ఒక్క పూట తప్పలేదు. అది ఒక్కటే నా నియమం. మొన్నామధ్య మీ చెల్లి తెరిసమ్మ జ్వరంతో పడకేసినా నేనే వండి, కేరేజీ కట్టి పంపించాను. భక్తంటే అదీ."

"పంపేవు. నాకు బాగా తెలుసు నువ్వు పంపేవని."

"మరి?"

"మరేటి నేదు. ఇంక ఎల్లు. సాయంత్రం మేమందరం జీపు దారికి అడ్డంగా కూకుంటాం. పోలీసులొచ్చి ఆయన్ని దింపేదాకా కదలం."

"పోలీసులా! పోలీసులు మాత్రం పేరడగరా?"

"అడుగుతారు."

"అప్పుడేం చెప్తావు? చెప్పకపోతే జీపు వెళ్లిపోతుంది. ఆయన చింతపల్లిలో ఉంటాడు. మీరు దుమ్ములో కూర్చునుంటారు."

"ఆ గుంటకి దైర్నం వచ్చినప్పుడు అదే సెప్తాది."

"ఎప్పుడొస్తుంది ఆ ధైర్యం? నిజమే అయితే ఈపాటికి వచ్చేది. అసలు పొద్దుగూకే వేళ పాస్టరుగారి గదికి దానికేం పని?"

"మరిదీ, నోరు సంబాళించుకో. పెరట్లోకి ఇనపడతాది."

"వినపడనీ! ఊరంతా వినపడనీ! తెలీకడుగుతాను, ఒంటరిగా ఉండే మగాడింటికి చీకటి పడుతుంటే ఎదిగిన ఆడపిల్లని బుద్ధున్నవాడెవడైనా పంపుతాడా? పాస్టరుగారి సంగతి తరవాత. ముందు ఆ తండ్రిని తీసుకొచ్చి సంఘం ఎదుట నిలబెట్టాలి. వాణ్ణి అడగాలి. చెప్పు, ఎవడు వాడు? ఎవడు పంపాడు దాన్ని?"

"నువ్వే నాన్నా. అమ్మకి జొరం, వంతు తప్పకూడదు, బేగి ఇచ్చేసి రా అని కేరేజీ నా చేతికిచ్చేవు."