సత్రం గోడకు దించుడు రాయి

వడ్డె గంగులప్ప అని ఒకాయన ఉన్నాడంట, రాతిపని చేసే మనిషి. మనూరి సత్రం లేదూ, అది కట్టింది ఆయనే. బురుజు కత, చావిడి కత మీకు చెప్పేసినా గదా, పాతవాటిల్లో మిగిలింది ఈ సత్రమే. చేతులాపొద్దు, చెనక్కాయలు వొలుస్తానే వినండి. ఆయన గోడమీద కూర్చుని రాళ్లు పేరుస్తా ఉంటే, ఆయన పెండ్లాము సుంకులమ్మ గంపలో రాళ్లు మోసుకొచ్చేదంట, అదీ ఐదో నెల కడుపుతో. గంప దించాలంటే ఇంకో మనిషి చెయ్యెయ్యాల. మొగుణ్ణి పేరు పెట్టి పిలవగూడదు గదా, మా అమ్మ కాలం దాకా అంతే అనుకో. అందుకని తలమీద అంత బరువు పెట్టుకుని ఊరికే నిలబడేదంట, నిలబడేది, నిలబడేది, ఆయన తిరిగి చూసేదాకా. చూసినాక గోడ దిగొచ్చి దించేవాడు. మనసు చివుక్కుమనేది గానీ నోరు తెరిచి ఒక మాట అనేవాడు కాదు. ఏం చేసినాడంటే, ఒకనాడు గోడలోంచి మూరెడు బయటికొచ్చేట్టు ఒక బండ పెట్టి బిగించినాడంట.

మర్నాడు సత్రం కట్టించే ఓబుళరెడ్డి వచ్చి చూసినాడు. ఆయనకు గోడ నున్నగా ఉండాల. "ఏంది గంగులప్పా, నా గోడకు ముక్కు మొలిచింది? కొట్టెయ్" అన్నాడంట. పెండ్లాము కోసం పెట్టినా అని రెడ్డి ముందర ఎట్లంటాడు? సిగ్గు. తలొంచుకుని సుత్తి ఎత్తినాడు. ఏమైందంటే, సరిగ్గా అప్పుడే సుంకులమ్మ గంపతో వచ్చింది. వీళ్ల మాటలు ఆమె వినలేదు. బండను చూసి, దగ్గరికి పోయి, తలమీది గంపను అట్లే దాని మీదికి జరిపి, చెమట తుడుచుకుందంట. వంగే పని లేదు, మునివేళ్ల మీద లేచే పని లేదు. ఎవరమ్మా నిన్నక్కడ దించమనింది అని రెడ్డి అడిగితే, "ఎవురూ చెప్పలేదు సామీ, సరిగ్గా నా ఎత్తుకే ఉంటే దించితి" అనింది. అనేసి, తన మాట తనకే తగిలి, మొగుడి దిక్కు చూసింది. ఆయన నేల చూస్తా ఉన్నాడు. ఆయమ్మ కండ్లనిండా నీళ్లంట. రెడ్డి ఆ బండనూ, ఆయమ్మ ఎత్తునూ మార్చి మార్చి చూసినాడు. సుత్తి కింద పెట్టు, ఉండనీ అని పోయినాడంట.

ఆ రాయి ఇప్పటికీ ఉంది. కట్టెలమోపులోళ్లు, గడ్డిమోపులోళ్లు అందరూ దానిమీదే దించుతారు. నాకైతే అది పొట్టి. ప్రతిసారీ మోకాళ్లు వంచాల, సణుక్కుంటానే వంగుతా. అది ఆయమ్మ ఎత్తు, మనమే వంగాల. మా ఇంటాయన ముప్పై ఏండ్లుగా నాకు చెప్పులు తెస్తానే ఉన్నాడు, ఇంతవరకూ ఒక్క జత నా కాలికి పట్టలేదు.