తిమ్మక్క చేను

సుంకులక్క అని ఒకామె, కొండకింద ఊర్లో కోడలంట. బొంత కుట్టాలంటే ఆమే కుట్టాల అనేవాళ్ళు. పాత చీరలు, చినిగిన పంచెలు చదరంగా కోసి, పొర మీద పొర పరిచి, దబ్బనంతో కుట్టేది. నేర్పిందెవురనుకుంటిరి? వాళ్ళత్త తిమ్మక్కే. ఆ అత్త ఎట్లాంటిదంటే, చదరం రవ్వంత వంకర పోయినా కుట్టంతా ఊడదీపిచ్చేది. ఊడదీపిచ్చేదప్పా, నిజంగా! ఏమైందంటే, ఒకనాడు ఆ తిమ్మక్క శెనక్కాయ చేన్లో గట్టు మీంచి జారి పడె. తుంటి ఎముక ఇరిగె. కట్టు కట్టేటాయప్ప వచ్చి చూసి, ఇంక ఈమె నడిచేది కల్ల అని చెప్పి పాయ. చేనేమో కొండవతల. బండి పోదు, అంతా రాళ్ళ దోవ. బుద్ధెరిగినప్పట్నించీ చేన్లోనే పొద్దు గడిపిన మనిషి, గోడపక్కకి తిరుక్కోని పండుకునింది. సంగటి ముద్ద పెడితే పెట్టినట్లే ఉండేది. కొడుకు ఓబన్న బతిమాలె, కండ్లనీళ్ళు పెట్టుకునె. ఊహూ, తినదు. కోడలు చేనికాణ్ణించి వస్తే మటుకు ఒక్క మాట అడిగేదంట, చేనెట్లుంది మే అని. బాగుందత్తా అనేది ఈమె. "బాగుందంటే? ఎట్ల బాగుంది?" అంటే ఈమెకి చెప్పను మాటలు రావు. ముసలామె మళ్ళా గోడపక్కకి తిరుక్కునేది.

సుంకులక్కకి మనసులో ఒకటే పోటు అనుకో. ఈమె ఇట్లే పోతాదేమో, నేను నాలుగు మాటలు చెప్పలేక పోగొట్టుకుంటానేమో అని. మరుసటి దినం మేకల్ని తోలుకోని పోతా, గుడ్డపీలికల మూట కూడా ఎత్తుకోని పాయ. చేనిగట్టు మీద బండరాయి ఉంటే దాని మీద కూచునింది. ఎదురుగా కొండ. కొండని చూసింది, చేతిలో గుడ్డని చూసింది. చదరం కోసేది తప్ప ఇంకోటి తెలీదు ఆ చేతులకి. కానీలే అని నల్లచీర పీలికని వంకరగా కోసింది. దాని కింద పచ్చగుడ్డ పెట్టింది, అది శెనక్కాయ చేను. ఎర్ర అంచు చించి పెట్టింది, అది దోవ. పెడతాంటే పెడతాంటే ఆమెకి లోపల ఏందో తేలికయిందంట. ఇన్నేండ్లు ఈ కొండ కిందనే తిరిగినా, పొద్దుటి పూట దాని నీడ నీలంగా ఉంటాదని అప్పుడే చూసింది! ఆ నీలంగుడ్డ ఎతుక్కుంటా ఉండిపోతే, మేకలు పోయి పక్కాయప్ప చేన్లో పడినాయి. ఆయప్ప తిట్టినాడు. తిడితే తిట్టినాడులే, ఈమె నవ్వుకుంటా ఇంటికొచ్చె.

వచ్చి, ఆ పీలికల్ని అట్లే పొర మీద కుట్టి, ఆ బొంత అత్త మీద పరిచింది. ఊడదీయమంటాదేమోనని దబ్బనం చేతిలోనే పెట్టుకోని నిలబడింది. ముసలామె చూసె, తడిమె. "ఈ ఎద్దు యాడిది మే?" అనె. "ఎద్దు గాదత్తా, కొండ!" అంటే, తిమ్మక్క నవ్వింది. మంచం పట్టినంక అదే మొదటి నవ్వు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. నీళ్ళు తాగిస్తే తాగి, "కొండ ఆపక్కకి ఒరిగింటాది మే. వంక కాడ రేగిచెట్టు యాడబోయింది? యాబై ఏండ్లు చూసినదాన్ని నాకు తెలీదా?" అని లేచి కూచుని, సంగటి తెమ్మనె. తినుకుంటానే, ఇది ఇట్లగాదు అది అట్లగాదు అని చెప్తానే ఉంది. దబ్బనం ఇమ్మనింది గానీ చెయ్యి వణికె, గుడ్డలో దిగల్యా. "పోనీ, ఎర్రమన్ను కలుపుకోని రా, గోడ మీద గీసి చూపిస్తా" అనె. ఓబన్న మంచం ఎత్తి బయట ఎండలో, గోడ దగ్గర ఏసినాడు. ఈతపుల్ల కొస నలగ్గొట్టి కుంచె చేసినారు. ఎర్రమన్ను, సున్నం, పొయ్యిమసి, అంతే రంగులు. వణికే చేత్తోనే గీసింది తిమ్మక్క. ఆ వణుక్కి శెనక్కాయ ఆకులు గాలికి కదిలినట్లే వచ్చినాయంట!

నడక రాలేదు, అది రాదు గదా. కానీ చానా ఏండ్లు బతికింది. కోడలు దినామూ చేనికి పోయి చూసొచ్చి బొంత కుట్టేది, అత్త ఆ బొంత చూసి గోడకి రాసేది. కొండ రంగు ఇదిగాదంటే ఇదిగాదని ఇద్దరికీ కొట్లాట. పొద్దున మొదలైతే ఎలుగు ఉన్నంతసేపూ ఆగదు. మనిండ్లల్లో కొట్లాటలు లేవా అప్పా? ఉన్నాయి. గోడలే ఉత్తగా ఉన్నాయి.