రక్తంలో బాగానే ఉంది

హలో… ఆ, నేనేరా ఇశ్రాయేలూ, అమలక్కని. ఆసుపత్రి నుంచి ఇప్పుడే కంకిపాడు వచ్చి పడ్డా…

లేదు, ఒక్కదాన్నే వెళ్ళా. నీకు చెబితే మళ్ళీ వద్దంటావని—

కోప్పడకు, విను. ఊపిరితిత్తిలో గడ్డ ఉందన్నారు గదా… పోయిన వారం దాన్నుంచి ముక్క తీయించుకున్నా. ఇవాళ రిపోర్టొచ్చింది.

ఆ… క్యాన్సరే.

…

ఇశ్రాయేలూ? ఉన్నావా?

అవున్రా, రక్తం రిపోర్టు బాగానే ఉంది, ఎవరు కాదన్నారు? తెల్లకణాలు ఉండాల్సినన్ని ఉన్నాయి. ఆ కాయితం పట్టుకుని నువ్వు చర్చిలో సాక్ష్యం కూడా చెప్పావు. 'మా అక్కకి రోగాన్ని తట్టుకునే శక్తి నిండుగా ఉంది' అని. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టా…

అదే అడిగా డాక్టరమ్మని. రక్తంలో తిరిగే కణాలు వేరు, గడ్డలోకి వెళ్ళినవి వేరంట. నా గడ్డలో బోలెడున్నాయంట. లోపలిదాకా వెళ్ళాయి, చుట్టూ చేరాయి… అలిసిపోయి ఊరికే ఉండిపోయాయంట.

ఆ… మన సంఘం కమిటీలాగే!

నవ్వరా, పర్లేదు.

…కాదు, అవి లోపలుండటం ఒకందుకు మంచిదేనంట. వాటిని మళ్ళీ పనిలోకి దింపే మందుంది. మూడు వారాలకోసారి ఎక్కిస్తారు.

తగ్గుద్దా అంటే… చెప్పలేమంది. కొందరికి పనిచేస్తదంట, కొందరికి చెయ్యదంట. చూద్దామంది.

…నువ్విచ్చిన ఇమ్యూనిటీ పొడా? డబ్బా తీసి చూపించా. 'ఇది ఆపెయ్యండమ్మా' అంది. అంతే.

ఏంటి? ఆదివారం కృతజ్ఞతా కూడికా? …రెండొందల మందికి భోజనాలు చెప్పేశావా! నాకు తగ్గిపోయిందనా?

వద్దు, రద్దు చెయ్యకు. నేనొస్తా. ఈసారి సాక్ష్యం నేను చెబుతా…

ఊరుకో, నీ ఒక్కడి తప్పేంటి? రెండు నెలలు ఆ ముక్క పరీక్షకి పోకుండా నువ్వు ఆపావు, నిజమే. నేను ఆగాను, అదీ నిజమే. బాగుందని రాసిన కాయితం చేతిలో ఉంటే ఇంకో పరీక్షకి ఎవరు పోతార్రా?

సోమవారం మొదటి మందు. తోడు మనిషి ఉండాలన్నారు…

కారు పంపడం కాదు. నువ్వు రా.

…ఏడుస్తున్నావా? షాపులోనా? ఆటోనగర్ అంతా చూస్తార్రా!

సరే… ఏడువ్. లైన్లోనే ఉంటా.

…

అయిందా? …ఎవరో బేరింగులు అడుగుతున్నారు, ఇక్కడికి వినపడుతోంది. ముందు ఆ బేరం చూసుకో.

ఆ, సోమవారం ఏడింటికి. పెట్టేస్తున్నా.