ఇల్లు చూడ్డానికొచ్చిన పిల్ల

కొచబాంబా నగరంలో నెలనెలా అద్దె కట్టలేనివాళ్ళకి ఒక పద్ధతుంది. ఉన్నదంతా ఊడ్చి ఒకేసారి ఇంటివాళ్ళ చేతిలో పెడితే గడువు తీరేదాకా అద్దె లేకుండా ఉండొచ్చు. ఖాళీ చేసిన రోజున ఆ డబ్బు తిరిగి చేతికి రావాలి. ఆ రావాలి అన్న దగ్గరే ఉంది చిక్కంతా. జీవితమంతా మినీబస్సు నడిపి మోకాళ్ళు పోగొట్టుకున్న ఫెర్మీన్, అతను సతూకా అని పిలుచుకునే భార్య సతుర్నీనా మూడో అంతస్తులోని ఒక వాటాలో ఆ చిక్కులోనే ఉన్నారు. ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాయి.

"...అక్కడ కాదయ్యా, బీరువాకి ఆనుకుని నిలబడు. అది కదిలిందంటే వెనకున్న చెమ్మంతా కనబడుతుంది."

"నేను నిలబడితే గోడ ఆరుతుందా సతూకా?"

"ఆరక్కర్లేదు. ఆ అమ్మాయి వెళ్ళేదాకా దాగితే చాలు. ఇంటావిడ జులేమాగారు ఫోన్లో ఏమంది? కొత్తవాళ్ళు డబ్బు కట్టగానే అదే తెచ్చి మన చేతిలో పెడతానంది. ఇవాళ ఈ పిల్లకి ఇల్లు నచ్చిందా, తరాతా ఊళ్ళో మనకో పెరడు, నాకో చిన్న కల్లంగడి. నచ్చలేదా, ఈ మెట్లెక్కి దిగుతూ ఇక్కడే చస్తాం."

"రెండేళ్ళ నుంచీ ఇదే పాట ఆవిడది."

"పాటో పద్యమో, వినక చేసేదేముంది? నీకేమన్నా పింఛనొస్తోందా? ప్రభుత్వం ముసలాళ్ళకిచ్చేది నీ మందులకే చాలదు. మనకున్నదంతా ఈ గోడల్లోనే ఉంది. ష్, తలుపు కొడుతున్నారు. నవ్వు, కాస్త నవ్వు!"

"నమస్తే పెద్దమ్మా. నా పేరు యోవానా. జులేమాగారు..."

"తెలుసు తల్లీ, నీకోసమే కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నాం. రా, రా. ముందిది తాగు. ఎండు పీచుపళ్ళ పానకం, పొద్దున్నే కాచాను."

"అది కాదు పెద్దమ్మా, మీరింకా సామాను..."

"తాగి మాట్లాడు. ఇదిగో, ఇదే పెద్దగది. వెలుతురు చూశావా? పగలు దీపమే అక్కర్లేదు."

"వెలుతురు బాగుంది. నీళ్ళు రోజూ వస్తాయా?"

"రోజూనే."

"వారానికి రెండు..."

"వారానికి రెండుసార్లు ఈయనకి మతిపోతుంది తల్లీ, పట్టించుకోకు."

"మరి ట్యాంకరు కొంటున్నాం కదే..."

"ఎప్పుడో! ఎండాకాలంలో! నిన్ను నిలబడమన్నానా, మాట్లాడమన్నానా?"

"పెదనాన్నగారూ, కూర్చోండి. కాళ్ళు వణుకుతున్నాయి మీకు."

"వద్దమ్మా. నాకు... ఇక్కడ నిలబడితేనే బాగుంటుంది."

"మరి మీరెప్పుడు బయల్దేరుతున్నారు?"

"నువ్వు ఊఁ అనడమే ఆలస్యం. మాకున్నవి నాలుగు మూటలు. వంటిల్లు చూశావా? కిటికీ తీస్తే కొండ కనబడుతుంది."

"అమ్మ మంచం ఈ మూల పడుతుందా?"

"శుభ్రంగా పడుతుంది. అమ్మ కూడా మీతోనే ఉంటుందా?"

"మేమిద్దరమే పెద్దమ్మా. కాంచా బజార్లో బంగాళదుంపల కొట్టు ఉండేది అమ్మకి. ఈ ఇంటికోసమే అమ్మేసింది. బ్యాంకులో వేస్తే ధరలు మింగేస్తాయి, పరుపు కింద పెడితే దొంగలు మింగేస్తారు, ఇంటిమీద పెడితే ముసలితనంలో నెత్తిన నీడుంటుంది, గడువయ్యాక డబ్బుకి డబ్బూ వస్తుందంది."

"సతూకా, అచ్చం నువ్వన్న మాటే."

"నువ్వూరుకో."

"ఆ రోజు నువ్వు నాతో..."

"ఊరుకోమన్నానా!"

"పెద్దమ్మా, ఏడుస్తున్నారా?"

"లేదు. ఉల్లిపాయలు తరిగాను. మీ అమ్మకి... ఎన్నేళ్ళుంటాయి?"

"మీ ఈడే. బస్తాలు మోసి మోసి నడుం వంగిపోయింది. ఇంక కూర్చుని తినవే అన్నాను నేనే."

"కొట్టు అమ్మేస్తే మళ్ళీ రాదు కదా?"

"రాదు. ఆ జాగాకోసం కొట్టుకుంటారు అక్కడ."

"ఏమయ్యా. బీరువా జరుపు."

"ఏంటీ?"

"జరపవయ్యా. పిల్లని చూడనీ."

"అయ్యో! గోడంతా ఇలా..."

"గోడదేముందిలే, సున్నం కొడితే పోతుంది. అసలు సంగతి విను. మా గడువు తీరి రెండేళ్ళయింది. ఆ జులేమా మా డబ్బివ్వలేదు. అది చేతికి రాకుండా బయటికి పోతే తాళం మార్చేస్తుందని మేమిద్దరం కలిసి వీధిలో కాలు పెట్టలేదు. ఒకరు చర్చికెళితే ఒకరు కాపలా. మా అక్క పోతే సమాధి దగ్గర నేనొక్కదాన్నే నిలబడ్డాను. ఈయనిక్కడ గొళ్ళెం పెట్టుకుని కూర్చున్నాడు. ముసలితనం హాయిగా వెళ్ళదీద్దామని దాచుకున్న డబ్బుకి మేమే కాపలా కుక్కలమయ్యాం తల్లీ."

"సతూకా, ఒక్క క్షణం ఆగు. ఈ పిల్ల కట్టకపోతే మన..."

"తెలుసయ్యా! తరాతా లేదు, అంగడీ లేదు. తెలిసే చెబుతున్నాను. తర్వాత నన్ను తిట్టుకో, కొట్టుకో. నేను బయటపడ్డానికి ఈ పిల్ల తల్లిని ఇందులోకి తోయలేను. నాకు చేతకావట్లేదు."

"తిట్టనులే. చెప్పాల్సిందేదో పూర్తిగా చెప్పెయ్యి."

"యోవానా, ఇంటికెళ్ళిపో. ఆ జులేమా చేతిలో చిల్లిగవ్వ పెట్టకు. ఆ డబ్బు మీ అమ్మనే పట్టుకు కూర్చోమను, కరిగితే కరిగింది. వెళ్ళమ్మా. ఏంటలా నిలబడిపోయావు? వెళ్ళు!"

"పెద్దమ్మా... డబ్బు పోయిన నెలే ఇచ్చేశాం. ఇవాళ్టికి మీరు ఖాళీ చేసి, తాళాలు పట్టుకుని ఉంటారని చెప్పిందావిడ. అమ్మ కింద లారీలో, సామాను మీద కూర్చునుంది."